బావుల కైఫీయతు

మా అవ్వ కాపురమున్న పల్లె పులివెందులకు వేంపల్లెకు నడుమ, కొండల యడుగున, చీనీతోటలింకను రాని కాలమున, జొన్నయు కొఱ్ఱయు బుడ్డలును పండించుకొని బ్రతికిన మెట్టపల్లె. ఆ యూరికి మూడు బావులుండెడివి. ఊరి నడుమనున్నది మంచినీళ్ల బావి. తూర్పున చేనిగట్టుననున్నది ఉప్పునీళ్ల బావి. వంకయొడ్డుననున్న మూడవ బావి మాత్రము రెంటికిని చెందనిది. దాని నీరు నోటికి తియ్యగనే యుండును గాని, ఆ నీటిలో పొయ్యిమీద పెట్టిన కందిబ్యాళ్లు ఎంతసేపు ఉడికినను మెత్తబడవు. మా అవ్వకు అక్షరము రాదు. అయినను ఎవరు నీళ్లు తెచ్చినను కడవలోనుండి దోసిట పట్టి, ఒక్క గుక్క పుక్కిలించి, అది యే బావి నీరో, ఆ యేడు వంక పారినదో లేదో చెప్పగలిగెడిది. "ఇవి బ్యాళ్లకు పనికిరావు నాయనా, ఎనుములకు పెట్టుపో" అని ఆమె నన్ను రెండుమారులు త్రిప్పిపంపిన సంగతి నాకు నేటికిని జ్ఞాపకమున్నది. అంత దూరము మోసితెచ్చిన బిందె బరువును భుజమునకు జ్ఞాపకమున్నది.

ఆమె యెఱిగిన ఆ విద్య ఏ కచేరి పుస్తకములోను ఎక్కలేదు. బోరుబావులు వచ్చిన పిమ్మట మంచినీళ్ల బావిలో కంపచెట్లు మొలిచినవి, ఉప్పునీళ్ల బావిని పూడ్చి దానిమీద వామి వేసిరి, అవ్వయు పోయినది. నలువదేండ్ల క్రిందట ఈ యూరి నీరెట్లుండెడిదని నేడెవరైన వచ్చి యడిగినచో చెప్పుటకు సాక్షి లేడు. అడుగువారును లేరనుట వేఱుమాట.

ఈ బావులు ఇన్నాళ్లకు నాకు మరల తలపునకు వచ్చుటకు కారణము, ఉత్తరధ్రువ వలయమునకు దాపున కెనడా దేశపు నునావుట్ సీమలో బేకర్ లేక్ అను చిన్న జనపదమున 2015 మార్చి నెలలో జరిగిన యొక విచారణను గూర్చి చదువుటయే. ఆ యూరిలో రెండువేల మందియే కలరు. వారిలో నూటికి తొంబదిమంది ఇనూయిట్ జాతివారు. మనము పాఠశాలలో చదువుకొన్న భూగోళ పుస్తకములలో మంచుగుడిసె బొమ్మ ప్రక్కన "ఎస్కిమోలు" అని పేర్కొనబడినవారు వీరే. ఆ పేరు పరులు పెట్టినది, వారికి రుచింపనిది. ఇనూయిట్ అనగా వారి భాషలో మనుష్యులని యర్థము. పరులు పెట్టిన పేరు మోయవలసివచ్చుట యెట్టిదో మన సీమవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. 1800వ సంవత్సరమున నిజాము నవాబు ఈ నేలను కుంపిణీవారికి వదలుకొన్ననాడు కడప, బళ్లారి మొదలగు జిల్లాలకు దత్తమండలములను పేరు కలిగినది. ఇచ్చినవాడు నవాబు, పుచ్చుకొన్నవారు దొరలు. దత్తమైపోయిన జనులను మాత్రము ఎవరును ఒక్క మాట అడుగలేదు. 1928లో నంద్యాలలో జరిగిన సభయందు చిలుకూరి నారాయణరావుగారు "రాయలసీమ" యను పేరును ప్రతిపాదించువఱకు, నూట యిరువదెనిమిదేండ్లు, మనము ఒకరు మఱియొకరికిచ్చిన వస్తువు పేరుననే బ్రతికితిమి.

బేకర్ లేక్ ఇనూయిట్‌లు సముద్రతీరవాసులు కారు. నునావుట్‌లోని జనపదములలో సముద్రమునకు దూరముగ లోతట్టున నున్నది ఇదియొక్కటియే. వారి ప్రాణాధారము కారిబూ యను మంచుదుప్పి. దాని మాంసము ఆహారము, చర్మము వస్త్రము, స్నాయువు దారము, కొమ్ము పనిముట్టు. మందలు వలసవచ్చు వేళ ముందు నడచు దుప్పులను వేటాడరాదని, వానిని నిశ్శబ్దముగ పోనిచ్చినచో వెనుకనున్న మంద యంతయు ఆ జాడననే వచ్చునని, వానిని బెదరించినచో ఆ యేడు మంద దారి మార్చుకొనునని పెద్దలు పిల్లలకు నేర్పుదురు. తెచ్చిన మాంసమును వేటగాడొక్కడే యింటికి మోసికొనిపోవుట మర్యాద కాదు. ముసలివారికి, వేటకు పోలేని యిండ్లకు పంచవలెను. ఇదంతయు స్వర్గమని నేననుటలేదు. 1950ల చివర కారిబూలు రాక లోతట్టున ఆకలిచావులు సంభవించినప్పుడు, మిగిలినవారిని ప్రభుత్వము ఈ యూరికి తెచ్చి నిలిపినది. గుడారములలో తిరిగినవారు ప్రభుత్వము కట్టిన యిండ్లలో ఇరుకుకొని బ్రతుకనారంభించిరి. ధాతు నామ సంవత్సరపు కరవును తాతలనోట విన్న సీమవాసికి ఈ కథ పరాయిది కాదు. అట్టి దుస్థితినుండియే ఆ యూరివారు రాతిబొమ్మలు చెక్కి, ఉన్నిగుడ్డలపై రంగుదారములతో వేటదృశ్యములు కుట్టి లోకమున పేరొందిరి. జెస్సీ ఊనార్క్ అను వృద్ధవనిత యేబదేండ్లు దాటిన పిమ్మట బొమ్మలు గీయ మొదలిడి కెనడా గర్వింపదగిన చిత్రకారిణి యయినది.

ఆ యూరికి పడమట ఎనుబది కిలోమీటర్ల దూరమున కిగ్గావిక్ అనుచోట యురేనియము కలదు. 1980ల చివర ఒక జర్మను సంస్థ దానిని త్రవ్వుదుమని వచ్చినప్పుడు, 1990లో ఊరివారు ఓటు పెట్టుకొనగా నూటికి తొంబదిమంది వలదనిరి. తరువాత ఫ్రెంచివారి అరేవా సంస్థ అదే గనిని చేపట్టి మరల ముందుకువచ్చినది. ఈలోగా ఇనూయిట్‌లు కెనడా ప్రభుత్వముతో 1993లో భూమి యొడంబడిక చేసికొనిరి. దానిననుసరించి 1999 ఏప్రిల్ 1వ తేదీన నునావుట్ ప్రత్యేక మండలముగ వెలసినది. ఏ గని వచ్చినను దాని మంచిచెడ్డలను విచారించుటకు సమీక్షా మండలి యొకటి చట్టబద్ధముగ నేర్పడినది. అందలి సభ్యులలో కొందఱిని ఇనూయిట్‌ల సంస్థయే సూచించును. ఆ మండలి కిగ్గావిక్‌ను గూర్చి కొన్ని సంవత్సరములు విచారించినది. తుదిసభ బేకర్ లేక్‌లోనే ఇంచుమించు రెండువారములు నడచినది. అక్కడ ఇంజనీర్లు చెప్పిరి, శాస్త్రజ్ఞులు చెప్పిరి. వారితోపాటు వేటగాండ్రును, ముసలమ్మలును తమ భాషలో తాము చెప్పిరి. రాళ్లపై పెరుగు నాచు గాలిలోని ధూళిని పీల్చును, ఆ నాచును కారిబూ తినును, కారిబూను మేము తినుదుము. మీ దుమ్ము ఎంతదూరము పోవునో చెప్పుడని యడిగిరి. ఈ ప్రశ్న వెనుక శాస్త్రము లేకపోలేదు. అణ్వస్త్ర పరీక్షల కాలమున వాతావరణమునుండి దిగిన విషధూళి, నాచుద్వారా దుప్పికి, దుప్పిద్వారా ధ్రువవాసులకు చేరెనని 1960లలోనే తేలినది.

2015 మే నెలలో మండలి తీర్పుచెప్పినది: ఈ గని ఇప్పుడు వలదు. కారణము వినిన మనవారికి ఆశ్చర్యము కలుగకమానదు. గని చెడ్డదని గాదు, యురేనియము పాపమని గాదు. సంస్థ ఏనాడు పని మొదలిడునో నిశ్చయముగ చెప్పలేకపోయినది. ధర పెరిగిననాడు త్రవ్వుదుమని చెప్పుట తప్ప తేది లేదు. ప్రారంభదినమే తెలియనప్పుడు, ఆనాటికి కారిబూలు ఎన్ని మిగులునో, నీరెట్లుండునో, ఊరెట్లుండునో యెవరికెఱుక? నేడు వేసిన లెక్క ఆనాడు ఎట్లు చెల్లును? కనుక ఇప్పుడు అనుమతి యీయరాదని మండలి సిఫార్సు చేయగా, 2016లో కెనడా ప్రభుత్వము దానినంగీకరించినది.

ఈ తీర్పు చదివి నేను నవ్వితిని. నవ్వినందుకు జమ్మలమడుగువారు నన్ను క్షమింతురు గాక. ఆ ప్రాంతమున ఉక్కు కర్మాగారమునకు 2007లో ఒక శంకుస్థాపన జరిగినది. దానికై పదివేల ఎకరములకు పైగా భూమి కేటాయింపబడినది. 2018 డిసెంబరులో ఇంకొక ముఖ్యమంత్రి ఇంకొకచోట శంకుస్థాపన చేసిరి. 2019 డిసెంబరులో మఱియొక ముఖ్యమంత్రి సున్నపురాళ్లపల్లె యొద్ద మఱియొకటి చేసిరి. 2023 ఫిబ్రవరిలో అచ్చటనే కొత్త సంస్థతో భూమిపూజ జరిగినది. ఇన్ని కొబ్బరికాయలు మ్రింగిన నేల ఈ కడప జిల్లాలో వేఱొకటి లేదు. ప్రారంభ తేదిని చెప్పలేనందుకే ఒక గనిని అక్కడ త్రోసిపుచ్చిరి. ప్రారంభ తేదులే నాలుగైనను ఇక్కడ మనము చప్పట్లు కొట్టితిమి. కర్మాగారము వచ్చునని డిప్లొమా చదివిన కుఱ్ఱవాడు నేడు బెంగుళూరులో కాపలా యుద్యోగము చేయుచున్నాడు. కర్మాగారము వచ్చునని భూమి నమ్ముకొన్నవాని సంగతి చెప్పనలవి గాదు.

ఉక్కు రాలేదు. యురేనియము వచ్చినది. వేముల మండలములోని తుమ్మలపల్లె పేరు దేశమంతయు నెఱుగును. కడప బండల పేరు విననివారు లేరు. అయితే మన యిండ్లలో పఱచుకొన్న ఆ నల్లబండల పొరలకంటె పురాతనములైన సున్నపుజాతి రాళ్లు పులివెందుల వైపు భూమిలో వాలుగ పఱచుకొనియున్నవి. వానిని భూగర్భశాస్త్రజ్ఞులు వేంపల్లె పేరుననే పిలుతురు. ఆ రాతిలో యురేనియము కలదు, కాని మిక్కిలి పలుచగ. ఒక టన్ను రాయి పగులగొట్టినచో దొరకునది అరకిలోకు మించదు. అయినను రాతిపొర మైళ్లకొలది వ్యాపించియుండుటచే మొత్తము నిలువ పెద్దది. నలువది తొమ్మిదివేల టన్నులు నిశ్చయముగ నున్నదని, అది మూడింతలు కావచ్చునని 2011లో అణుశక్తి సంఘాధ్యక్షుడు శ్రీకుమార్ బెనర్జీగారు చెప్పినప్పుడు ప్రపంచములోని పెద్ద నిక్షేపములలో ఇదియొకటి కాగలదని పత్రికలు వ్రాసినవి. రాయి సున్నపుజాతిది కనుక ఆమ్లము పోసిన ఆమ్లమంతయు సున్నమే మ్రింగివేయును. అందుచే ఇక్కడ సోడా క్షారముతో, వేడిమియు ఒత్తిడియు కలిపి, లోహమును కరగించు పద్ధతి నవలంబించిరి. దినమునకు మూడువేల టన్నుల రాయిని నలుగగొట్టగల మిల్లు 2012లో పని ప్రారంభించినది.

ఇక్కడ పాఠకులు ఒక్క లెక్కను నిదానముగ చూడవలెను. టన్ను రాతిలో అరకిలో తీసికొన్న పిమ్మట మిగిలినది ఇంచుమించు టన్నే. అదంతయు బురదగా కొట్టాల పల్లెకు సమీపమున కట్టిన చెరువువంటి గుంటలో చేరును. తీసికొన్నది యురేనియము మాత్రమే. దానితో యుగయుగములుగ కలసియున్న రేడియము, థోరియము మొదలగు దాయాదులన్నియు ఆ బురదలోనే నిలిచిపోవును. రాతి రేడియోధార్మికతలో అధికభాగము ఆ బురదదే. అందలి రేడియము సగమగుటకు 1,600 ఏండ్లు పట్టును. ఎఱ్ఱగుంట్ల మండలములోని కలమళ్లలో, చెన్నకేశవ సిద్ధేశ్వరాలయ ప్రాంగణమున, రేనాటి చోళుడు ధనంజయుని కాలపు శాసనము కలదు. క్రీస్తుశకము 575 ప్రాంతమునాటిది. తెలుగున పుట్టిన శాసనములలో మొదటిదని పండితులు చెప్పుదురు. ఆ రాతిమీద అక్షరము చెక్కి ఇంకను 1,450 ఏండ్లే యైనవి. తెలుగు వ్రాత పుట్టిననాడు ఎవరైన రేనాటిలో ఇట్టి గుంట కట్టియుండినచో, అందలి రేడియము నేటికిని సగము కూడ కాకయుండెడిది! ఈ నడుమ ఎన్ని రాజ్యములు వచ్చిపోయినవి, ఎన్ని చెరువులు తెగినవి, పెన్నకు ఎన్ని వరదలు వచ్చినవి; మన మాటయే ఎంత మారినదనగా ఆ శాసనమును నేడు పండితుని సాయము లేక చదువలేము. గుంటకు ఆనకట్ట కట్టిన ఇంజనీరును నేను తప్పుపట్టుటలేదు. అతడు కట్టినది మంచికట్టయే కావచ్చును. కాని దానిని కాపాడవలసిన కాలము ఇంజనీరుకును కాంట్రాక్టుకును ప్రభుత్వమునకును మించినది. అంతకాలము కాపలా యుండగలది ఊరొక్కటియే. ఊరికి ఆ సంగతి తెలియనప్పుడు ఊరెట్లు కాపాడును?

గుంట చుట్టునున్న పల్లెల రైతులు బోరునీరు చెడినదని, అరటితోటలు దెబ్బతినుచున్నవని, ఒంటిమీద దద్దురులు లేచుచున్నవని యేండ్ల తరబడి మొఱపెట్టుచున్నారు. గుంట యడుగున నీరింకకుండ వేయవలసిన పొఱ నియమానుసారము వేయలేదను వివాదము లేచినది. 2018లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సంజాయిషీ యడిగినది. గనిని నడపు సంస్థవారు తమవలన హాని లేదనిరి. ఆ ప్రాంతపు రాతిలోనే యురేనియము కలదు గనుక భూగర్భజలములో సహజముగనే అది కొంత యుండునని వాదించువారును కలరు. ఈ వాదమును నేను తేలికగ త్రోసివేయను. రాతిలోనున్నది నీటిలోనికి రాకుండునని యెవరనగలరు? అయితే ఆ వాదము నిజమో కాదో తేలుటకు మార్గమొక్కటియే: గని రాకముందు ఏ బావి నీరెట్లుండెడిదో తెలియవలెను. ఆ సాక్ష్యము మా అవ్వవంటివారియొద్ద నుండినది. "ఈ బావి నీళ్లల్లో బ్యాళ్లు ఉడుకుతాయి, ఆ బావి నీళ్లల్లో ఉడకవు, ఈ బోరు నీళ్లు తాగితే పసురాలకు కడుపులు ఉబ్బుతాయి" అని పల్లెకు పదిమంది చెప్పగలిగియుండిరి. అవి ప్రయోగశాల లెక్కలకు బదులు కావు. ఆ లెక్కలు ఎక్కడనుండి మొదలిడవలెనో చూపు జాడలు. ఆ జాడలను పల్లెవారినోట విని, కాగితముమీద పెట్టి, వారికే మరల చదివి వినిపించియుండినచో నేడు రైతునకును సంస్థకును నడుమ ఈ తెగని తగవు లేకపోయెడిది. అది రైతునకెంత మేలో సంస్థకును అంతే మేలు.

అడిగిరా యన్నచో, అడిగిరి. 2006 సెప్టెంబరులో తుమ్మలపల్లెలో ప్రజాభిప్రాయ సేకరణ సభ జరిగినది. ఒక్క దినము. షామియానా, మైకు, పోలీసులు, ఇంగ్లీషున వ్రాసిన దళసరి నివేదిక. మన దేశములో ఇట్టి సభలెట్లు నడచునో పత్రికలు చదువువారికి నేను వర్ణింపనక్కఱలేదు. బేకర్ లేక్‌లో ఏండ్లు పట్టిన పని యిక్కడ ఒక పూటలో ముగిసినది. అయినను ఆ పూటయైనను ఉండెడిది. 2025 సెప్టెంబరు 8వ తేదీన కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ ఒక యుత్తరువు వెలువరించి, అణు ఖనిజముల గనులను, దేశమునకు కీలకములని నిర్ణయించిన మఱికొన్ని ఖనిజముల గనులను, ప్రజాభిప్రాయ సేకరణనుండి మినహాయించినది. ఇకమీదట యురేనియము గనికి ఊరివారినడుగు సభయే అక్కఱలేదు. 1800లో నవాబు దత్తము చేసినప్పుడు అడుగలేదని ఇంతసేపు నేనెందుకు చెప్పితినో పాఠకులు గ్రహించియుందురు.

దేశమునకు విద్యుత్తు వలదా, అణుశక్తికి ఇంధనము విదేశములనుండి కొనుచునే యుందుమా, ఉన్న యూరిలో పనిలేక పిల్లలు వలసపోవుచుండ గని వలదనుట ఎట్లని యడుగువారున్నారు. న్యాయమైన ప్రశ్నలే. ఇనూయిట్‌లును గనులన్నిటిని కాదనినవారు కారు. అదే బేకర్ లేక్‌కు ఉత్తరమున, బాటవెంట నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరమున మెడోబ్యాంక్ అను బంగారుగని 2010లో తెఱచిరి. ఊరివారనేకులు అందు పనిచేసిరి, జీతములు తెచ్చుకొనిరి. గనికి పోవు బాటవలన దుప్పులు తిరుగు జాడలు మారినవని తమలో తాము వాదులాడుకొనుచును నున్నారు. ఒక గనికి అవుననియు ఇంకొక గనికి కాదనియు చెప్పగల స్వాతంత్ర్యమే వారు సంపాదించినది. ప్రొద్దుటూరు బంగారు బజారులో కూర్చుండి ఈ మాట వ్రాయుచున్న నాకు ఇది కొంత విచిత్రముగ తోచుచున్నది. ఈ వీధిలో గీటురాతిపై నగను ఒక్కమారు రాచి, ఆ గీతను కన్నులయొద్దకు తెచ్చుకొని, ఇది యెన్ని వన్నెల బంగారమో చెప్పగల నిపుణులున్నారు. అది ఏ కొండ త్రవ్వి తెచ్చిరో, ఎవరినడిగి తెచ్చిరో గీటురాయి చెప్పదు. కొనువారమును మనమడుగము. పెండ్లికూతురి మెడలోని హారమునకు మెడోబ్యాంక్ ధూళి అంటియుండునేమో యెవరు చూడవచ్చిరి!

తెలుగునాట గనికి కాదని చెప్పినవారు లేకపోలేదు. నల్లగొండ జిల్లా లంబాపురము, పెద్దగట్టు ప్రాంతమున గనిని ప్రతిపాదించినప్పుడు 2003లో జనులు ఎదురుతిరిగిరి. ఆ గని నేటికిని రాలేదు. నల్లమలలో అన్వేషణ జరుగనున్నదని తెలిసి చెంచులు మొదలుకొని సినీనటులవఱకు గొంతెత్తగా 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ ఏకగ్రీవముగ వ్యతిరేక తీర్మానము చేసినది. కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల అడవిలో బోర్లు వేయుదురను వార్త వెలువడగనే 2024 చివర పల్లెలవారు రోడ్డెక్కగా ప్రభుత్వము ఆ పనిని ఆపినది. కాని రోడ్డెక్కిన తరువాత వినుట వేఱు, పిలిచి కూర్చుండబెట్టి యడుగుట వేఱు. పులివెందుల రైతు రోడ్డెక్కువాడు కాడు. అతనికి తోటకు నీరు కట్టవలసిన వేళలున్నవి. గని వచ్చినది, అందఱి బంధువులలో ఒకడైనను అందులో పనిచేయుచున్నాడు. ఊరిలో ఆ మాట యెత్తుటయే మొగమాటమైనది.

అందుచే నేను గనిని మూయుడని వ్రాయుటలేదు. అడుగునది మఱియొకటి, మన జిల్లాకు కొత్తది కూడ కాదు. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున కల్నల్ కాలిన్ మెకంజీ పంపిన మనుష్యులు దత్తమండలములలో ఊరూర తిరిగి, కరణములను, పెద్దలను కూర్చుండబెట్టుకొని, ఆ యూరు ఎప్పుడు వెలసినది, చెరువెవరు త్రవ్వించిరి, గుడికెవరు మాన్యమిచ్చిరి యని వారు చెప్పినట్లు వ్రాసికొనిరి. వానినే కైఫీయతులందురు. కడపలోని సి.పి. బ్రౌను భాషా పరిశోధన కేంద్రమువారు మన జిల్లా కైఫీయతులను సంపుటములుగ ప్రచురించిరి. అందు వ్రాయబడిన చెరువులలో కొన్ని నేడు లేవు. అయినను ఉండెడివని చెప్పుటకు ఆ కాగితములున్నవి. తనవారికి దత్తమైన నేలను తెలిసికొనుటకు పరదేశపు అధికారి చేసినపాటి పని మన నీటిని కాచుకొనుటకు మనము చేసికొనలేమా?

వేముల, వేంపల్లె, పులివెందుల మండలములలో అఱువదేండ్లు దాటిన స్త్రీపురుషులింకను ఉన్నారు. ఏ బావి నీరు ఏ యేడు మారినదో, ఏ వంక ఎప్పుడు పారుట మానినదో, ఏ చేనిలో చీనీచెట్టు ముందు ఎండినదో వారికి తెలియును. వారు పోకముందే ఆ మాటలను వారి మాటలలోనే వ్రాయించుడు. కళాశాల పిల్లలకు సెలవులలో అప్పగించినను సరియే. రెండవది, గని చుట్టునున్న ప్రతి పల్లెలో బావులు, బోరులు ఎన్నియుండునో అన్నిటి నీటిని సంస్థయు కాలుష్య నియంత్రణ మండలియు పరీక్షించి, వచ్చిన అంకెలను ప్రతినెల మొదటివారమున గ్రామ సచివాలయపు గోడమీద, గజమెత్తు అక్షరములతో, తెలుగులో వ్రాయవలెను. ఉండదగిన పరిమాణమెంత, ఉన్నదెంత, పోయిన నెల యెంత, ఈ మూడే చాలును. అంకె మంచిదైనచో సంస్థకు అంతకు మించిన ప్రచారము లేదు. చెడ్డదైనచో కడవ యెత్తుకొన్న తల్లి ఆ బోరు విడిచి ఇంకొక బోరుకు పోవును. దీనికి పార్లమెంటు చట్టము అక్కఱలేదు, జిల్లా కలెక్టరుగారి సంతకము చాలును. వచ్చు గ్రామసభలో ఈ రెండు కోరికలను తీర్మానముగ పెట్టి, వేలిముద్రలు వేసి, కలెక్టరుగారికి పంపుడని ఆ పల్లెల పెద్దలను ప్రార్థించుచున్నాను.